వెనక సెన్సర్

సుశీలమ్మ తెల్ల కారు మేడ్చల్ డిపో దాటి తన షెడ్డు ముందు ఆగడం చూసి కూడా సత్యానందం తల బయట పెట్టలేదు. ఆటో కింద పడుకుని ఉన్నవాడు ఇంకాస్త లోపలికి జరిగాడు. ఆ వారంలో ముగ్గురు అలాగే బండి ఆపి, అద్దం సగం దించి, "గిడియోన్ షెడ్డుకు గిట్లనేనా పోవుడు?" అని అడిగారు. చెయ్యి చాచి శామీర్‌పేట రోడ్డు చూపించడం, "నా బామ్మర్దే" అని నవ్వు ముఖం పెట్టడం. అలా చేసిన పూటల్లా తిన్నది వంటబట్టలేదు.

"సత్యానందం, ఉన్నవా?"

దారి అడిగే గొంతు కాదు. అతను బయటికి వచ్చాడు. ఆమె కారు దిగి, పైట చెంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉంది. దేవరయాంజాల్ మధుసూదన్ రెడ్డి భార్య. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ బండికి ఏ జబ్బు చేసినా సత్యానందం దగ్గరికే రావాలి. మూడు నెలల నుంచి రావడం లేదు. ఒకసారి శామీర్‌పేట వైపు వెళ్తూ ఆ తెల్ల కారును గిడియోన్ లిఫ్టు మీద చూశాడు. మనిషెత్తు పైకి లేచి, నాలుగు చక్రాలూ గాల్లో వేలాడేసుకుని నిలబడి ఉంది. ఆ రోజు అతను చేయాల్సిన పని మరిచిపోయి సగం దారి నుంచే వెనక్కి తిరిగాడు.

"నీ బామ్మర్ది ఏమంటుండో ఎర్కేనా? కారు కింద పొగను సాఫ్ జేసే డబ్బ ఉంటదట గదా..."

"కన్వర్టరమ్మా."

"ఆఁ, గదే. గది సచ్చిపోయిందంట, అందుకే లోపల ఇంజిన్ లైటు ఎలుగుతుందంట. కొత్తదెయ్యాలె, అరవై వేలైతదన్నడు. మా ఆయనకు జెప్తే ఎగిరిపడ్డడు. ఆ డబ్బల బంగారమసొంటి లోహముంటదంట. మంచిగున్నదాన్ని సచ్చిందని జెప్పి, ఇప్పుకొని అమ్ముకుంటరంట. నిజమేనా?"

"కొందరు జేస్తరమ్మా."

"గిడియోన్ గూడనా?"

చూసి చెప్తానంటే సరిపోయేది. అతను బనీను గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. చిటికెనవేలి దగ్గరికొచ్చేసరికి నోరు ఆగలేదు.

"గా డబ్బ ఊకెనే సచ్చేది గాదమ్మా. పదేండ్లు, పదిహేనేండ్లు నడుస్తది. మీ బండి నా చేతుల్నే పెరిగింది. నాకు తెల్వదా?"

సుశీలమ్మ అక్కడికక్కడే భర్తకు ఫోను కలిపింది. "సత్యానందం జూసిండు. మంచిగనే ఉన్నదంటుండు."

చూడలేదు. బాగుందనీ అనలేదు. ఆ రెండు మాటలూ సర్దడానికి ఫోను అంత దగ్గర్లోనే ఉంది. అతను ఆటో చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఫోనులోంచి మధుసూదన్ రెడ్డి గొంతు షెడ్డంతా వినిపించింది. "నేననుకున్న! జాగా నాది, దుక్నం వానిది, దోచుకునేది నన్నేనా? ఆదివారం ఏదో ప్రార్థన ఉన్నదని నన్ను గూడ పిలిచిండు. వస్త. నలుగురి ముంగట్నే అడుగుత. సత్యానందం, నువ్వు బండి పట్టుకొని ఆడికి రావాలె."

"వస్త పటేలా."

కారు తాళం అతని చేతిలో పెట్టి సుశీలమ్మ రోడ్డు మీద పోయే ఆటో ఆపి ఎక్కి వెళ్లిపోయింది. సత్యానందం పక్క హోటల్లోకి వెళ్లి చాయ్ చెప్పాడు. చాలా రోజుల తర్వాత రెండు గుక్కల్లో కాకుండా, నిమ్మళంగా ఊదుకుంటూ తాగాడు.

ఇంటికి వెళ్లేసరికి ఎస్తేరు వాకిట్లో పీట మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. పక్కన తాంబాళం నిండా పాయలు. గిడియోన్ షెడ్డు పెట్టి ఏడాది అయిన సందర్భంగా ఆదివారం అక్కడ స్తోత్ర కూడిక. సంఘమంతా వస్తుంది. యాభై మందికి బగారన్నం, కోడికూర తానే వండుతానని తమ్ముడికి మాట ఇచ్చింది.

"పొద్దుందాక గదే పనా?" అన్నాడు చెప్పులు విప్పుతూ.

"ఇంకెవలు జేస్తరు? వానికి అమ్మున్నదా, నాయినున్నడా?" ఆమె తలెత్తింది. ముఖం వెలిగిపోతోంది. "ఏమయ్యా, తమ్ముడు ఫోన్ జేసిండు. ఆదివారం పాస్టరుగారు నీతోని గూడ రెండు మాటలు మాట్లాడిపిస్తరంట. 'పానా పట్టుడు మొదాలు బావ కాడ్నే జూసిన' అని జెప్పిండంట."

"జూసిన అన్నడా? నేర్సుకున్న అన్లేదా?"

"రెండూ ఒకటే గదా?"

"ఎట్ల ఒకటైతది? రోడ్డు మీద పోయేటోడు గూడ జూస్తడు."

ఎస్తేరు చేతిలోని పాయను తాంబాళంలో పడేసింది. "నీకు వాడు ఏం జేసినా కండ్లల్ల కారం గొట్టినట్టే ఉంటది. చర్చిల ఫ్యాన్లు బెట్టిస్తే తప్పు. పాస్టరుగారి బండి ఊకెనే బాగుజేస్తే తప్పు. ఇప్పుడు నీ పేరు జెప్తె గూడ తప్పేనా?"

పాస్టరుగారి బండి పదకొండేళ్లు ఉచితంగా బాగుచేసింది ఎవరో ఆమెకు తెలుసు. కానీ ఆ సంగతి ఇప్పుడు గుర్తు చేస్తే తనే చిన్నబోతాడు. సత్యానందం లోపలికి వెళ్లి, ముఖం కడుక్కుని, సుశీలమ్మ కారు మాట నాలుక చివరి దాకా తెచ్చుకుని మింగేశాడు. ఆదివారం తెలుస్తుంది. అప్పుడు ఈ ఎల్లిగడ్డ వాసన చేతులతోనే నోరు మూసుకుంటుంది అనుకున్నాడు. ఆ మాట తన చెవికే ఇంపుగా లేదు. అయినా ఇంకోసారి అనుకున్నాడు.

శనివారం పొద్దున బాలమల్లు వచ్చాడు. మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. దూరం నుంచి గురి పెడితే వేడి ఎంతుందో చెప్పే పిస్తోలులాంటి మీటరు వాళ్ల దగ్గర ఉంది. సత్యానందం అడిగితే ఇచ్చి పోలేదు, కంపెనీ సామాను కాబట్టి వెంట తెచ్చుకుని తానే కూర్చున్నాడు.

"దేనికిది? జరం జూస్తవా బండికి?"

"గట్లనే అనుకో." సత్యానందం కారు కింద గుంతలోకి దిగుతూ చెప్పాడు. "ఇంజిన్ల కాలంగ మిగిలిన పొగ గీ డబ్బలకొస్తది. లోపల జాలీ ఉంటది, తేనెపట్టు లెక్క. డబ్బ బతికుంటే మిగిలినదంత ఆడ కాలుతది. కాలితే ఏమైతది?"

"వేడెక్కుతది."

"అందుకే వచ్చే దిక్కు కన్న పోయే దిక్కు ఎక్కువ వేడుండాలె. తక్కువుంటే లోపల ఏం కాలుతలేదన్నట్టు. సచ్చిందన్నట్టు."

"బాయిలర్ కన్న అల్కగనే ఉన్నది," అన్నాడు బాలమల్లు.

ముందు డబ్బాకు అటూ ఇటూ గొట్టం మీది తుప్పును తీగల బ్రష్‌తో గీకాడు. మెరిసే ఇనుము మీద ఆ మీటరు అబద్ధం చెప్తుంది. అందుకని సైలెన్సర్లకు పూసే నల్లరంగు రెండు చోట్లా అరచేతి మేర పూసి ఆరనిచ్చాడు. తర్వాత ఇద్దరూ కారెక్కి రావల్కోల్ దాకా వెళ్లి వచ్చారు. చల్లని డబ్బాను పరీక్ష చేస్తే నిద్రపోయేవాడి నాడి చూసినట్టే. దారి పొడవునా సత్యానందం చెవి ఇంజిన్ మీదే ఉంది. నునుపుగా నడుస్తోంది. దసరా ముందు తన దగ్గరికి వచ్చినప్పుడు ఇలా లేదు, కుంటుతూ నడిచేది. ఆ ఆలోచనను అతను అక్కడే వదిలేశాడు.

షెడ్డుకు రాగానే బాలమల్లును సీట్లో కూర్చోబెట్టాడు. "ఇంజిన్ తిరుగుడు జూపే ముల్లు రెండున్నర వేల కాడ ఉండాలె. కాలు కదపకు." తాను గుంతలోకి దిగి, డబ్బాలోకి పొగ వచ్చే వైపు నల్లమచ్చకు గురి పెట్టాడు. మూడు వందల పన్నెండు. పోయే వైపు పెట్టాడు. రెండు వందల ఎనభై ఎనిమిది.

మీటరు చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మూడు వందల పధ్నాలుగు. రెండు వందల ఎనభై తొమ్మిది.

ఇంకో రెండు నిమిషాలు ఆగాడు. మెడ మీద చెమట కారుతోంది. ఈసారి మీటరును మరీ దగ్గరగా తీసుకెళ్లి పెట్టాడు. అంకెలు రెండు మూడు అటూ ఇటూ కదిలాయి గానీ పెద్దది పెద్దదిగానే ఉంది, చిన్నది చిన్నదిగానే ఉంది.

"ఎంతొచ్చింది?" పైనుంచి బాలమల్లు అరిచాడు.

"మంచిగనే వచ్చింది. బంద్ జెయ్."

బాలమల్లు మీటరు తీసుకుని వెళ్లిపోయాక, డబ్బా చల్లారేదాకా ఆగి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాడు. లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడైంది. ఇంకోసారి తట్టాల్సిన అవసరం లేదు. తట్టలేదు.

గిడియోన్ చెప్పింది నిజం.

గుంత మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ డబ్బా వంక చూశాడు. గిడియోన్ బండికి తగిలించి జబ్బు చదివే స్కానర్ లాంటిదేదీ లేకుండా తానూ అదే మాట దగ్గరికి వచ్చాడు. ఇంకో రోజైతే అందుకు గర్వపడేవాడు. ఊరికే చావని డబ్బా ఎందుకు చచ్చింది? ఆ ప్రశ్న అతన్ని గుంతలోంచి పైకి లేపింది. బానెట్ ఎత్తాడు.

నాలుగు సిలిండర్లు, వాటిలో నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లు నాలుగు. మూడింటి మీద పదేళ్ల దుమ్ము. మూడో సిలిండర్ మీది కాయిల్ మాత్రం కొత్తది. ప్లగ్గులు విప్పి చూశాడు, నాలుగూ కొత్తవే.

దసరా ముందు ఆ మూడో కాయిల్ పోతే పాత బండిలోంచి తీసినది ఒకటి పెట్టి పంపించింది తనే. పది రోజులకే సుశీలమ్మ ఫోను చేసింది, బండి దడదడ కొట్టుకుంటోందని. పెట్రోలు మంచిగ లేదమ్మా, వేరే బంకుల పోయించున్రి అన్నాడు. రెండో సారి చేస్తే, నడుస్తది లేమ్మా అన్నాడు. నడిచింది. మూడో సిలిండర్‌లో నిప్పు అంటక, కాలని పెట్రోలంతా నేరుగా డబ్బాలోకి పోయి అక్కడ మండి, జాలీని కరిగించింది. నెలల తరబడి. డబ్బాను చంపింది తను.

ఆ పాత కాయిల్ విప్పినవాడికి అది తెలియకుండా ఉండదు. గిడియోన్‌కు తెలుసు. తెలిసి సుశీలమ్మకు చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఎస్తేరు నిన్న ముఖం అలా వెలిగించుకుని మాట్లాడేది కాదు.

సత్యానందానికి సిగ్గు వేయాల్సింది. వేసింది కూడా, ఒక్క క్షణం. దాని వెనకే వచ్చిన మంట ముందు ఆ సిగ్గు నిలబడలేదు. వీడెవడు నా తప్పు దాచడానికి? నా పరువు వాడి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడా? రేపు మైకు ముందు నిలబెట్టి, బావ దగ్గరే చూశానని చెప్పి, నవ్వుతాడా?

అరలోంచి పాత సామాన్ల రేకు డబ్బా ఒకటి దించి కింద బోర్లించాడు. నట్లు, బోల్టుల మధ్య బొటనవేలంత ఇనుప గొట్టం ముక్క దొరికింది. ఎప్పుడో ఒక కారుకు ఎవరో పెట్టింది. అప్పుడు విప్పి, "థూ, దొంగపని" అని ఈ రేకు డబ్బాలో విసిరేశాడు.

ఆ పని సులువు. పొగ డబ్బాకు ముందొక సెన్సర్, వెనకొక సెన్సర్ ఉంటాయి. వెనకది కాపలావాడు. డబ్బాలోంచి మురికి పొగ వస్తే చూసి, లోపల ఇంజిన్ లైటు వెలిగిస్తాడు. ఆ సెన్సర్‌కూ గొట్టానికీ మధ్య ఈ ముక్క బిగిస్తే సెన్సర్ పొగ దారిలోంచి పక్కకు జరుగుతుంది. కాపలావాణ్ని గుడిసె లోపల కూర్చోబెట్టినట్టు. లైటు వెలగదు.

ఇరవై రెండు నంబరు పానాతో సెన్సర్ విప్పాడు. ముక్క బిగించాడు. దాని మీద సెన్సర్ బిగించాడు. వెలిగి ఉన్న లైటు ఆరిపోవడానికి బ్యాటరీ తీగ ఊడదీసి కాసేపాగి పెట్టాడు. మళ్లీ రావల్కోల్ దాకా రెండుసార్లు తిరిగి వచ్చాడు. లైటు రాలేదు. సుశీలమ్మకు ఫోను చేసి, "లైటు పోయిందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటలో అబద్ధం ఏమీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా గిడియోన్ షెడ్డుకు తరలి వచ్చింది. లిఫ్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. నేల మీద నూనె మరక లేకుండా కడిగారు. గోడకు పానాలు పెద్దది నుంచి చిన్నది దాకా వరసగా వేలాడుతున్నాయి. సత్యానందానికి ఆ వరస చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండబుద్ధీ కాలేదు. ఎస్తేరు వెనక పందిట్లో గరిటె పట్టుకుని దేగిశల దగ్గర నిలబడింది.

ప్రార్థన ముగిసి ఆమెన్ అంటుండగానే మధుసూదన్ రెడ్డి, సుశీలమ్మ వచ్చారు. గిడియోన్ తెల్లచొక్కాతో ఎదురు వెళ్లి చేతులు జోడించాడు. "రాండ్రి సార్. కూసోండ్రి."

"కూసోనీకి రాలె. నా బండిల డబ్బ సచ్చిందన్నవట. సత్యానందం జూసి మంచిగున్నదన్నడు. లైటు గూడ పోయింది. ఏందిది?"

గిడియోన్ బావ వంక చూశాడు. అర్థం కాలేదు వాడికి. "బావ అట్లన్నడా? మళ్ల జూద్దాం సార్. అందరి ముంగటనే జూపిస్త. దాంట్ల దాసుకునేదేమున్నది?"

సత్యానందం తెచ్చి బయట ఆపిన కారును గిడియోన్ తానే లిఫ్టు మీదికి ఎక్కించాడు. మీట నొక్కితే బండి ముక్కుతూ పైకి లేచింది. చేతిలైటు పట్టుకుని కిందికి వెళ్లాడు. లైటు వెలుతురు డబ్బా మీదుగా సాగి, తాజాగా పూసిన నల్లమచ్చల దగ్గర ఆగింది. అక్కణ్నుంచి వెనక సెన్సర్ దగ్గరికి వెళ్లి, ఇక కదల్లేదు.

గిడియోన్ చెయ్యెత్తి ఆ ఇనుప ముక్కను వేలితో ముట్టుకున్నాడు. వాడు ఇప్పుడు తిరుగుతాడు, ఇటు చూపిస్తాడు, చెప్తాడు.

గిడియోన్ తిరిగాడు. కానీ ముందు పందిరి వైపు చూశాడు. ఎస్తేరు గరిటె చేతిలోనే ఉండగా నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తోందని దూరం నుంచే తెలుస్తోంది. తర్వాత వాడు బావ ముఖంలోకి ఒక్కసారి, సూటిగా చూశాడు. చేతిలైటు ఆర్పాడు. మీట నొక్కాడు. కారు నెమ్మదిగా కిందికి దిగింది.

"నాదే పొరపాటు సార్. నేను సక్కగ జూడలే. బావ జెప్పిందే కరెక్ట్."

"పొరపాటా?" మధుసూదన్ రెడ్డి గొంతు లేచింది. "అరవై వేలు గుంజుదామనుకొని దొరికినంక పొరపాటా? నెలాఖరుకల్ల జాగ ఖాళీ జెయ్. నీ లిఫ్టు, నీ మిషన్లు ఏడ బెట్టుకుంటవో బెట్టుకో."

పాస్టరుగారు తల వంచుకున్నారు. వెనక కుర్చీల్లో ఎవరో "అయ్యో ప్రభువా" అన్నారు. ఏ మాట కోసం సత్యానందం మూడు రోజులు కాచుకుని కూర్చున్నాడో ఆ మాట వినబడింది. ఎలా ఉంటుందనుకున్నాడో అలా లేదు.

వాడు అక్క కోసం చేశాడు. తన కోసం కాదు. అదైనా సహించవచ్చునేమో. కానీ రేపటి నుంచి ఎప్పుడు ఎదురుపడినా, వాడు మాట్లాడకుండా ఉన్నప్పుడల్లా, ఆ మౌనం కింద తను పడి ఉండాలి. పనిలో దాటిపోయాడు. సంఘంలో దాటిపోయాడు. ఇవాళ ఇంతమంది నడుమ నిలబడి, పరువు కూడా తీసి పక్కన పెట్టేసి, మంచితనంలో కూడా తనను దాటి పోతున్నాడు. దీన్ని మాత్రం సత్యానందం ఓర్వలేకపోయాడు. ఆ తర్వాత చాలామంది అతనికి దేవుడు బుద్ధి ఇచ్చాడన్నారు. లోపల కదిలింది ఏమిటో అతనొక్కడికే తెలుసు.

"ఆగున్రి పటేలా."

గోడ దగ్గరికి వెళ్లి ఆ వరసలోంచి ఇరవై రెండు నంబరు పానా తీశాడు. మీట తానే నొక్కాడు. ఎంతసేపు నొక్కాలో తెలియక కారు అవసరానికి మించి పైకి లేచింది. కిందికి వెళ్లి చేతులెత్తి సెన్సర్ విప్పాడు, దాని కింది ముక్క విప్పాడు. తీసుకొచ్చి సుశీలమ్మ ముందు అరచేయి చాపాడు.

"లైటు ఊకెనే పోలేదమ్మా. గిది పెట్టి నేనే బంద్ జేసిన. డబ్బ సచ్చిన మాట నిజం. నేను గూడ పరీక్ష జేసిన, నాకు గూడ గదే వచ్చింది."

ఇక్కడ ఆపితే కూడా సరిపోయేదే. "దాన్ని సంపింది గూడ నేనే. దసరా ముంగట మీ బండికి నేనేసిన కాయిల్ మంచిది గాదు. మీరు రెండు మాట్ల ఫోన్ జేసిన్రు. నడుస్తదని జెప్పిన. గిడియోన్‌కు ఎరుకే. వాడు జెప్పలే."

సుశీలమ్మ ఆ ముక్క తీసుకోలేదు. "పన్నెండేండ్ల సంది నీ మాట మీదనే బండి నడిపిన గదా సత్యానందం," అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్లి భర్త కారులో కూర్చుంది.

మధుసూదన్ రెడ్డి సత్యానందాన్ని తిట్టాల్సినంతా తిట్టాడు. ఊపిరి తీసుకుని గిడియోన్ వైపు తిరిగాడు. "నువ్వెందుకు ఒప్పుకున్నవ్‌రా మరి?"

"మా అక్క ఉన్నది సార్ ఈడ."

ఆయన ఏదో అనబోయి, మీసం తడుముకుని, "కొత్తది తెప్పియ్," అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఖాళీ చేయాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు.

ఎస్తేరు వడ్డన మొదలుపెట్టింది. అందరి విస్తళ్లలోనూ వడ్డించింది. భర్త ముందుకు వచ్చినప్పుడు కూడా అందరికీ వేసినంతే వేసింది. ముఖం మాత్రం చూడలేదు. గిడియోన్ వచ్చి పక్కన నిలబడి, పళ్ల బిగువున అన్నాడు. "ఎందుకు జెప్పినవ్ బావా? నేను ఇంకో జాగ జూసుకుందును. ఇగ అక్క నాల్గు దినాలు అన్నం తినది."

"నీకే ఉండాల్నా అన్నీ?" అన్నాడు సత్యానందం. ఆ మాట ఏమిటో గిడియోన్‌కు బోధపడలేదు.

సోమవారం షెడ్డుకు ఎవరూ రాలేదు. ఇంట్లో ఎస్తేరు అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట పెట్టలేదు. మంగళవారం పొద్దున పది గంటలకు గిడియోన్ ఫోను చేశాడు.

"బావా, కొత్త డబ్బ వచ్చింది. పాతదాని బోల్టు ఒకటి పట్టేసింది. వస్తలేదు. జర వస్తవా?"

జాలిపడి పిలుస్తున్నాడని సత్యానందానికి ఖాయంగా తెలుసు. అలాంటి జాలి అక్కర్లేదని చెప్పడానికే బయల్దేరినట్టు స్కూటర్ తీశాడు. వెళ్లి చూస్తే బోల్టు నిజంగానే పట్టేసి ఉంది. తుప్పు ఇనుములో కలిసిపోయింది, తల అంచులు అప్పటికే సగం అరిగిపోయాయి. ఇంకో బలవంతపు తిప్పు తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది. గిడియోన్ చేతి మీద చర్మం లేచి రక్తం గడ్డకట్టి ఉంది.

"ఎంతసేపాయె?"

"గంట."

సత్యానందం గ్యాస్ మంట అడిగాడు. బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుమును ఎర్రబారేదాకా కాల్చాడు. పక్కకు జరిగి చల్లారనిచ్చాడు. మళ్లీ కాల్చాడు. మైనపు కొవ్వొత్తి ఒకటి తెమ్మని, వేడి మీద బోల్టు మొదట్లో ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి ఇంకింది. పానా పెట్టి ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పాడు, తర్వాత విప్పే వైపు. కీచుమంది. మళ్లీ అటు, మళ్లీ ఇటు. నాలుగో తిప్పుకు బోల్టు చేతిలోకి వచ్చింది.

గిడియోన్ సాంతం చూశాడు. ఒక్కసారి కూడా ఫోను ముట్టుకోలేదు.

పాత డబ్బా కిందికి దింపి వెలుతురులో పెట్టారు. తేనెపట్టులా సన్నని గదులు ఉండాల్సిన చోట సగం కరిగి ముద్దయి, మిగిలిన సగం పెంకులై రాలిపోయింది. సత్యానందం కూర్చుని వేలు లోపలికి పెట్టాడు. బూడిదరంగు పొడి అంటింది. ఒక సిలిండర్‌లో నిప్పు లేకపోవడం, ఒక మనిషి నడుస్తదిలే అనడం. చాలాసేపు ఆ వేలును అలాగే పట్టుకుని చూశాడు.

కొత్తది బిగించారు. గిడియోన్ స్కానర్ తగిలించి, ఇంజిన్ స్టార్టు చేశాడు. తెర మీద రెండు గీతలు వచ్చాయి, పైన ముందు సెన్సర్ గీత, కింద వెనక సెన్సర్ గీత. ఒకటి ఎగిరెగిరి పడుతోంది. రెండోది మొదట కాసేపు ఊగి, డబ్బా వేడెక్కిన కొద్దీ నెమ్మదిస్తోంది. గిడియోన్ వేళ్లు తెర మీద ఏవేవో చకచకా నొక్కుతున్నాయి. ఆ వేగం చూస్తుంటే సత్యానందానికి ఛాతీలో పాత మంట మళ్లీ రగిలింది. చెప్పులు వేసుకుని వెళ్లిపోదామనుకున్నాడు. వేసుకున్నాడు కూడా.

"గా కింది గీత గట్ల నిలబడ్డదేంది?" అన్నాడు తలుపు దగ్గర నుంచి.

"డబ్బ పని జేస్తాంది బావా. అందుకే."

"ఎంత నిలబడాలె? లెక్కేమన్న ఉన్నదా?"

గిడియోన్ తిరిగి చూశాడు. ముప్పై ఏళ్లలో సత్యానందం ఎవరినీ పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగినవాళ్లకు చెప్పడమే తప్ప. ఇప్పుడు అడగడానికి గొంతు ఎంత పైకి పెట్టాలో, ఎంత కిందికి పెట్టాలో తెలియక కాస్త గట్టిగానే అన్నాడు.

"నాకు జెప్తవా?"

గిడియోన్ కాలితో స్టూలును ముందుకు జరిపాడు. సత్యానందం వచ్చి కూర్చున్నాడు. మంట తగ్గలేదు. చూపు మాత్రం తెర మీదినుంచి తీయలేదు.